రుషికొండ ఇసుక వద్దు అల్లుడూ

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందని మీ అత్తయ్య చెప్పింది, సంతోషం.

మొన్న ఫోన్లో నీ ఉప్పునీటి చేపల ట్యాంకు గురించి నువ్వన్న మాట నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. "ట్యాంకు వచ్చేసింది, స్టాండు వచ్చేసింది, ఇంక ఇసుకే కదా మావయ్యా. సంక్రాంతికి వచ్చినప్పుడు రుషికొండ బీచ్‌లో రెండు బస్తాలు నింపుకుని డిక్కీలో వేసుకుపోతా" అన్నావు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేలోపే నీకు ఆఫీసు కాల్ వచ్చింది. ఫోన్లో తేలే సంగతి కూడా కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

"ఇంక ఇసుకే కదా" అనుకోకు. పంపు పాడైతే కొత్తది బిగించుకుంటావు. లైటు నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి కొంటావు. రాళ్లు కూడా చెయ్యి పెట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇసుక ఒక్కసారి పడి, నీళ్లు నిండి, చేపలు దిగాయా, ఇంక దాన్ని మార్చాలంటే ట్యాంకు మొత్తం విప్పాల్సిందే. ఉప్పునీటి ట్యాంకులో వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఏదైనా ఉందంటే అది ఇసుకే.

నా మొదటి ట్యాంకులో నేను వేసింది మన బీచ్ ఇసుకే. ఇరవై ఏళ్ల పైమాట. అప్పట్లో చెప్పేవాళ్లు లేరు. పొద్దున్నే వెళ్లి నీళ్లకి దగ్గరగా శుభ్రంగా కనిపించిన చోట బకెట్లతో ఎత్తుకొచ్చాను. పదిసార్లు కడిగాను. చూడ్డానికి బాగానే ఉంది, బంగారు రంగులో, మధ్యమధ్య నల్లటి చారలతో. రెండు వారాల తర్వాత అద్దం తుడిచే మాగ్నెట్‌ని కింద దాకా దింపి పైకి లాగితే కర్రుమని చప్పుడైంది. తీసి చూస్తే మాగ్నెట్ మొహం నిండా నల్లటి రేణువులు, మీసాల్లాగా నిక్కబొడుచుకుని ఉన్నాయి. అద్దం మీద అడ్డంగా ఆరు గీతలు. ఆ గీతలు ఆ ట్యాంకు ఉన్నన్నాళ్లూ ఉన్నాయి. లైటు వేసినప్పుడల్లా మెరిసేవి.

ఆ నల్ల రేణువులు ఇల్మనైట్, ఇనుమూ టైటానియమూ కలిసిన ఖనిజం. ఎర్రగా కనిపించేవి గార్నెట్. భీమిలి నుంచి కళింగపట్నం దాకా మన తీరంలో ఇవి ఉన్నాయి, వాటితోపాటు సిల్లిమనైట్, జిర్కాన్, థోరియం ఉండే మోనజైట్ కూడా. తూర్పు కనుమల రాళ్లు అరిగి, ఏళ్ల తరబడి వానలకి కొట్టుకొచ్చి, అలలు జల్లించి పోసిన సరుకు ఇది. మిగతాదంతా క్వార్ట్జ్, అంటే చెకుముకి రాయి జాతి. అద్దం కన్నా గట్టిది. పగడపు దిబ్బల ఇసుక అలా కాదు, అద్దం కన్నా మెత్తన. మాగ్నెట్ కింద ఒక రేణువు ఇరుక్కున్నా గీత పడే అవకాశం చాలా తక్కువ. ఈ ఒక్క తేడా చాలు నాకు.

బొర్రా గుహలు సున్నపురాయే కదా, ఆ పక్క నుంచి వచ్చే గోస్తని భీమిలి దగ్గరే కదా సముద్రంలో కలిసేది, మరి మన బీచ్‌లో సున్నపు ఇసుక ఎందుకు లేదని నువ్వు అడుగుతావని తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. సున్నపురాయి నీళ్లలో కరుగుతుంది. గుహ ఏర్పడిందే అలా కరిగి. కరిగింది నీళ్లతో పోతుంది, కరగని క్వార్ట్జ్ ఇసుకగా మిగిలి ఒడ్డుకి చేరుతుంది. గోదావరి, కృష్ణా తెచ్చే బురదనీళ్ల వల్ల మన కోస్తాలో పగడపు దిబ్బలు కూడా లేవు. దిబ్బ లేని చోట దిబ్బ ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవన్నీ పక్కన పెట్టినా, ఊళ్లో మురుగుకాలువలు కలిసే సముద్రం మనది, ఓడలు తిరిగే రేవు మనది. ఆ ఇసుకలో ఏం ఇంకిందో కడిగితే తెలియదు. పైగా తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం బీచ్‌లో ఇసుక తవ్వుకుపోవడం కుదరదు. ఆర్కే బీచ్ కోసుకుపోతుంటే పోర్టు వాళ్లు సముద్రంలోంచి ఇసుక తోడి తెచ్చి పోస్తున్నారు. మనం బస్తాల్లో ఎత్తుకుపోవడం బాగుండదు.

మరి ఏ ఇసుక కావాలి? దుకాణంలో "ఆరగొనైట్" అని అడుగు. అది కాల్షియం కార్బొనేట్‌లో ఒక రూపం. సముద్రంలో పగడాలు, గవ్వలు, హాలిమీడా అనే ఒక రకం నాచు తమ ఒంట్లో కట్టుకునే సున్నం ఇదే. ఆ నాచు చచ్చిపోతే చిన్న చిన్న బిళ్లలుగా రాలిపోతుంది, అదీ ఇసుకే. చిలకముక్కు లాంటి పళ్లుండే పారట్‌ఫిష్ దిబ్బని కొరికి, నాచు తిని, రాయిని పొడి చేసి విసర్జిస్తుంది. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుంది. ఫొటోల్లో తెల్లగా మెరిసే దీవుల బీచ్‌లు చాలావరకు అలా ఏర్పడ్డవే.

మనకి ప్యాకెట్లలో దొరికే నాణ్యమైన ఆరగొనైట్‌లో కొంత బహమాస్ దీవుల దగ్గరిది. అక్కడ లోతు తక్కువ, నీళ్లు వెచ్చన. అలలకి అటూ ఇటూ దొర్లే చిన్న నలుసు చుట్టూ సున్నం పొర మీద పొరగా పేరుకుంటుంది. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే సోంపు మిఠాయి చూడు, లోపల ఒక సోంపు గింజ, చుట్టూ పంచదార పొరలు. అచ్చం అలాగే. అందుకే ఆ రేణువులు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. దాన్ని ఊలైట్ అంటారు. చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకోదు, జారిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఆరగొనైట్ వేస్తే పీహెచ్ దానంతట అదే నిలబడుతుంది, కాల్షియం అదే ఇస్తుంది అని దుకాణాల్లో చెబుతారు. నమ్మకు. ఆరగొనైట్ చెప్పుకోదగ్గంతగా కరగాలంటే చుట్టూ నీటి పీహెచ్ సుమారు 7.7 కన్నా కిందికి దిగాలి. నీ ట్యాంకులో పీహెచ్ 8 నుంచి 8.4 మధ్య ఉంటుంది. ఇసుక లోతు పొరల్లో, గాలి అందని చోట కాస్త కరుగుతుందేమో గానీ, దాన్ని నమ్ముకుని టెస్టులు మానేస్తే మోసపోతావు. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), కాల్షియం నువ్వు కొలుచుకుని నువ్వే వేసుకోవాలి. మరి ఆరగొనైటే ఎందుకు అంటే, అద్దం గీకదు, అంచులు మెత్తన, ఆ జీవాలు పుట్టి పెరిగిన నేల అదే. నాకు ఆ కారణాలు చాలు.

క్వార్ట్జ్ వేస్తే ట్యాంకు చచ్చిపోతుందా అంటే, లేదు. గూడూరు వైపు చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే సిలికా ఇసుక పాలలా తెల్లగా ఉంటుంది, చవక కూడా. క్వార్ట్జ్ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి దాని వల్లే గోధుమరంగు నాచు వస్తుందన్న భయం చాలావరకు అతి. చేపలు మాత్రమే పెట్టుకునేవాళ్లు వేసుకుంటే నేను కాదనను. నీది పగడాలు పెంచే రీఫ్ ట్యాంకు, అద్దం రోజూ తుడవాలి, ఇసుకలో పడుకునే చేప కావాలంటున్నావు. నీకు వద్దు.

ఇప్పుడు మోసం గురించి. మన దగ్గర "కోరల్ శాండ్" అని విడిగా తూకానికి అమ్మే తెల్లటి సరుకు ఒక్కోసారి పాలరాయి పొడే. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే గానీ కాల్సైట్ రూపం. విషం కాదు, కానీ పగలగొట్టిన రాయి కాబట్టి అంచులు బ్లేడులా ఉంటాయి. రంగు ఇసుకల జోలికి అసలు పోకు, ఆ రంగు పూతే. కొనే ముందు ఒక గుప్పెడు నమూనా అడిగి తెచ్చుకో. ఇవ్వనంటే ఆ దుకాణం వదిలెయ్. తెచ్చాక స్టీలు గ్లాసులో కాదు, గాజు గ్లాసులో ఒక చిటికెడు వేసి, సగం గ్లాసు దాకా వెనిగర్ పొయ్యి. సున్నం ఉంటే బుసబుస పొంగుతుంది. అంతటితో సంబరపడి ఆపేయకు. మామూలు బీచ్ ఇసుకలో గవ్వ ముక్కలున్నా పొంగుతుంది. పొంగు ఆగాక పై తేటని వంపి మళ్లీ కొత్త వెనిగర్ పొయ్యి. ఇలా రెండు మూడు రోజులు చెయ్యి. పూర్తిగా కరిగిపోతే సున్నపు ఇసుక. అడుగున మెరిసే రేణువులు మిగిలితే అది క్వార్ట్జ్ కలిపింది. ఎంత మిగిలిందో అంత కల్తీ.

పాలరాయిని మాత్రం వెనిగర్ పట్టుకోలేదు, అదీ కరుగుతుంది. దానికి భూతద్దం కావాలి. కిటికీ దగ్గర నల్ల కాగితం మీద చిటికెడు చల్లి చూడు. గుండ్రటి పూసలు, గవ్వ ముక్కలు, సన్నటి గొట్టాలు, చుక్కలు చుక్కలుగా రంధ్రాలున్న బిళ్లలు, ఇలా పది రకాల ఆకారాలు కనిపిస్తే సముద్రం చేసిన ఇసుక. అన్నీ ఒకేలా పలకలు పలకలుగా, పంచదార పలుకుల్లా తళతళలాడుతుంటే మర ఆడించిన రాయి. చివరికి ఒక మాగ్నెట్‌ని పాలిథీన్ కవర్లో చుట్టి ఇసుక మీద తిప్పు. ఒక్క నల్ల గింజ అంటుకున్నా నాకు ఫోన్ చెయ్యి.

ఇంకో సరుకు గురించి గట్టిగా చెప్పాలి. "తూత్తుకుడి నుంచి వచ్చింది, రామేశ్వరం నుంచి వచ్చింది, అసలైన పగడపు ముక్కలు" అని బస్తాల్లో చూపించేవాళ్లు తగులుతారు. చెయ్యి కూడా పెట్టకు. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, పులి ఉన్న జాబితాలో. చచ్చిన పగడమైనా సరే. చట్టం కన్నా ముందు ఆ సముద్రానికి ఏం జరిగిందో తెలుసుకో. మన్నార్ సింధుశాఖలో 21 దీవుల్ని 1986లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అంతకుముందు అక్కడ సున్నం పరిశ్రమల కోసం పడవల కొద్దీ పగడాలు తవ్వి తీశారు. దిబ్బ పోయిన చోట అలల్ని ఆపేది లేకపోయింది. ఆ 21లో రెండు దీవులు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. మన గదిలో నాలుగడుగుల దిబ్బ కోసం అక్కడి దిబ్బని తవ్వించడానికి నాకు మనసు ఒప్పదు. లక్షద్వీప్, అండమాన్‌లకి టూర్ వెళ్లినప్పుడు సీసాలో ఇసుక, జేబులో పగడపు ముక్క తెచ్చుకునే అలవాటు కూడా వద్దు. ఇసుక శుభ్రం చేస్తుందని సముద్ర దోసకాయ అనే జీవిని అంటగట్టబోతారు, అదీ ఆ షెడ్యూల్లోదే. నువ్వు రాతి పగడాలు కాని సాఫ్ట్ కోరల్స్, మష్రూమ్‌లు, జోయాంథస్‌లు పెడతానన్నావు, మంచి ఆలోచన. దాంతోనే ఉండు.

కాబట్టి కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్టే కొను. కారిబ్‌సీ లాంటి కంపెనీల సరుకు దిగుమతిదారుల దగ్గర దొరుకుతుంది. హైదరాబాదులో ఉప్పునీటి సరుకు పెట్టే దుకాణాలు ఉన్నాయి, దొరక్కపోతే చెన్నై కొళత్తూరులో తప్పకుండా దొరుకుతుంది. అక్కడ వీధులకి వీధులే అక్వేరియం దుకాణాలు. ఇసుక బరువు సరుకు కాబట్టి కొరియర్‌లో వేస్తే చార్జీ మోపెడవుతుంది. ట్రాన్స్‌పోర్టు లారీకి వేయించుకో, నాలుగు రోజులు ఆలస్యమైనా పరవాలేదు. మీ ఊళ్లో ఉప్పునీటి ట్యాంకులు పెట్టేవాళ్లు ఇంకో ఇద్దరు కలిస్తే ఒకేసారి తెప్పించుకోండి, ఖర్చు పంచుకున్నట్టు ఉంటుంది.

తడిగా, సంచిలో నీళ్లతో అమ్మే "లైవ్ శాండ్" అనేది ఒకటుంది. అందులో నీళ్లని శుభ్రం చేసే మేలు బ్యాక్టీరియా ఉంటుందని ఎక్కువ ధర తీసుకుంటారు. మన ఎండల్లో, గోడౌన్లో, లారీలో ఎన్నాళ్లు మగ్గిందో ఆ సంచి! నా సలహా పొడి ఇసుక కొనుక్కోమనే. దాని పైన బాగా నడుస్తున్న ట్యాంకులోంచి ఒక కప్పు ఇసుక తెచ్చి చల్లితే రెండు మూడు నెలల్లో మొత్తం లైవ్ శాండే అవుతుంది. పాలల్లో తోడు వేసినట్టే.

గింజ ఎంత ఉండాలన్నది అసలు ప్రశ్న. దుకాణంలో నిలబడి "ఏది అందంగా ఉంది" అని చూడకు. ఆ ఇసుకలో ఎవరు బతుకుతారో ముందు రాసుకో. నువ్వు చెప్పిన జాబితా నా దగ్గర ఉంది: ఒక జత క్లౌన్‌ఫిష్, ఎల్లో రాస్ ఒకటి, పిస్టల్ రొయ్యతో జట్టుకట్టే గోబీ చేప, నీ కూతురు అడిగిన డైమండ్ గోబీ. క్లౌన్లకి ఇసుక ఎలాంటిదైనా ఒకటే. మిగతా ముగ్గురికీ ఇసుకే ఇల్లు.

ఎల్లో రాస్ సంగతి చూడు. సాయంత్రం లైటు ఆరకముందే దానికి తెలిసిపోతుంది. ఒక మూలకి వచ్చి, ఒక పక్కకి వాలి, ఒళ్లు ఒక్క విదిలింపు విదిలిస్తుంది. అంతే, ఇసుకలో మాయం. పైన ఒక చిన్న గుంట తప్ప ఏమీ కనపడదు. పొద్దున లైటు వచ్చిన కాసేపటికి ముక్కు మాత్రం బయటపెట్టి అటూ ఇటూ చూసి, అప్పుడు లేస్తుంది. కొత్తగా తెచ్చినప్పుడు రెండు మూడు రోజులు లేవకపోవచ్చు కూడా, చచ్చిపోయిందనుకుని తవ్వి వెతక్కు. రోజూ ఇలా దూరే చేపకి గరుకు ఇసుక వేస్తే ఒళ్లంతా గీరుకుపోయి, ఆ పుండ్లు చీము పడతాయి. దానికి కనీసం ఐదు సెంటీమీటర్ల మందం, పంచదార నుంచి గసగసాల దాకా ఉండే సన్న గింజ కావాలి.

పిస్టల్ రొయ్యకి ఇంకో రకం అవసరం. దాని చూపు మందం. గోబీ గుమ్మంలో కాపలా కూర్చుంటుంది, రొయ్య ఒక మీసం ఎప్పుడూ గోబీ ఒంటి మీద ఆనించి ఉంచుతుంది. గోబీ తోక ఆడించిందా, ఇద్దరూ లోపల. నేను ఒకసారి కుర్చీ వేసుకుని గంట సేపు చూశాను. రొయ్య రెండు చేతులతో ఇసుకని ముందుకి నెట్టుకుంటూ వచ్చి బయట పోస్తోంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఒక గవ్వ ముక్కని ఎత్తుకెళ్లి పైకప్పుకి ఆనించింది. ఆ ముక్క పట్టలేదు. తీసి పక్కకి పెట్టి ఇంకోటి తెచ్చింది. మేస్త్రీ రాయి ఎంచుకున్నట్టే. ఒట్టి సన్న ఇసుకైతే దాని సొరంగం కూలిపోతూనే ఉంటుంది. అందుకని సన్న ఇసుకలో ఐదో వంతు ముతక ముక్కలు కలపాలి.

ఇక డైమండ్ గోబీ. నోటితో ఇసుక తీసుకుని, తినేది తిని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తుంది. ఇసుకని తెల్లగా ఉంచుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ తీసిన ఇసుకని తీసుకెళ్లి పగడాల నెత్తిన పోస్తుంది. కొత్త ట్యాంకు ఇసుకలో దానికి తిండి ఉండదు, నెలల్లో చిక్కి చచ్చిపోతుంది. పాపకి ఏడాది ఆగమని చెప్పు. ఏడాది తర్వాత, అది విడిగా వేసే మేత తినడం దుకాణంలో కళ్లారా చూశాకే తెచ్చుకో.

ఇంక గింజ లెక్క. పంచదార పలుకంత ఊలైట్ అన్నిటికన్నా మెత్తన, కానీ వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లని కదిలించే పంపు) ప్రవాహానికి ఇసుక తుఫానే. ఆవగింజంత, అంటే ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల గింజ కదలకుండా ఉంటుంది, రాస్‌కి కాస్త ముతక. పెసలంత, శనగలంత ఉండే క్రష్డ్ కోరల్ జోలికి పోకు. గింజల మధ్య సందుల్లో మిగిలిన మేత, చేపల మలం చేరి కుళ్లుతాయి, ఆ కుళ్లు వల్ల పుట్టే నైట్రేట్ ఏళ్ల తరబడి దిగదు. నీకు సరిపడేది అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర దాకా ఉండే రకం, బొంబాయి రవ్వంత అనుకో. సాఫ్ట్ కోరల్స్‌కి మరీ హోరు ప్రవాహం అక్కర్లేదు కాబట్టి ఇది ఎగరదు. వేవ్‌మేకర్‌ని పైకి తిప్పి పెట్టుకో చాలు.

ఎంత కొనాలి? నీ ట్యాంకు నాలుగడుగులు బై అడుగున్నర. ఒక సెంటీమీటరు మందానికి ఐదున్నర లీటర్ల ఇసుక పడుతుంది, బరువులో సుమారు ఎనిమిది కిలోలు. ఐదు సెంటీమీటర్లకి నలభై కిలోలు. రాళ్లు కూర్చున్న చోట ఇసుక పట్టదు కాబట్టి 35 కిలోలకి సరిపోతుంది. అంతకు మించి పోయకు. పది సెంటీమీటర్లు దాటే లోతు పరుపులు వేసే పద్ధతి ఉంది. కింద ప్రాణవాయువు లేని పొరలో బ్యాక్టీరియా నైట్రేట్‌ని నత్రజనిగా మార్చి వదిలేస్తుంది. మొనాకోలో జాన్ జోబేర్ అనే శాస్త్రవేత్త ఇసుక కింద ఖాళీ అర ఒకటి వదిలి ఇదే సూత్రం మీద ట్యాంకులు నడిపాడు. పద్ధతి తప్పని అనను. కానీ ఆ పరుపు ఎప్పుడైనా కదిలితే ఏమవుతుందో నేను చూశాను.

మర్రిపాలెం ఇంటి నుంచి ఎంవీపీ కాలనీకి మారినప్పటి సంగతి అది. నా ట్యాంకులో పన్నెండు సెంటీమీటర్ల ఇసుక, ఏడేళ్లుగా కదలనిది. చేపల్ని బకెట్లలో పెట్టి, ఇసుక అడుగున అలాగే ఉంచి, నలుగురం ట్యాంకు ఎత్తాం. వ్యానులో కుదుపులకి అడుగు పొరలన్నీ పైకి వచ్చాయి. కొత్త ఇంట్లో నీళ్లు పోసేసరికి కుళ్లిన కోడిగుడ్డు వాసన, అడుగున పేరుకున్న విషవాయువుది. తెలియక కాదు, అలసిపోయి, రేపు చూద్దాంలే అని రాత్రికే చేపల్ని వదిలేశాను. పొద్దున మీ అత్తయ్య నన్ను లేపింది. ఆరేళ్లు నా చేతి మేత తిన్న క్లౌన్ జత నీళ్ల పైన తేలుతోంది. అందుకే అద్దె ఇంట్లో ఉంటున్న నీకు లోతు పరుపు వద్దంటున్నాను. ఇల్లు మారాల్సి వస్తే పాత ఇసుకని పారేసి కొత్తది వెయ్యి. పాత ఇసుక ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉంటుంది, కడిగి మళ్లీ వాడినా అది మెల్లగా వదులుతుంది.

వేసే పని చెప్పి ముగిస్తాను. ముందు రాళ్లు. రాళ్లని నేరుగా అడుగు అద్దం మీద, కదలకుండా కూర్చోబెట్టు. తర్వాతే వాటి చుట్టూ ఇసుక. ఇసుక మీద రాయి పెట్టావంటే రొయ్య కింద తవ్వి మొత్తం కుప్పకూలుస్తుంది, అద్దం పగిలినా ఆశ్చర్యం లేదు. ఇసుకని బకెట్‌కి మూడో వంతు చొప్పున వేసి పైపు పెట్టి చేత్తో కలుపుతూ కడుగు. మొదట పాలలా వస్తుంది. పదిసార్లో పదిహేనుసార్లో, నీళ్లు తేటగా కనిపించేదాకా. కడగడానికి కుళాయి నీళ్లు చాలు, చివరి తడవ మాత్రం ఆర్‌ఓ నీళ్లతో. ఉప్పు వేరే డ్రమ్ములో కలిపి పూర్తిగా కరిగాకే ట్యాంకులో పొయ్యి, ఇసుక మీద ఉప్పు చల్లొద్దు. నీళ్లు నింపేటప్పుడు ఇసుక మీద ఒక పళ్లెం బోర్లించి దాని మీద పొయ్యి. ఇసుక తర్వాత చేర్చాల్సి వస్తే రెండంగుళాల పీవీసీ గొట్టాన్ని అడుగు దాకా దింపి అందులోంచి పొయ్యి. ఒకటి రెండు రోజులు మబ్బుగానే ఉంటుంది, టెన్షన్ పడకు. నీళ్లు తేటపడేదాకా రిటర్న్ పంపు, వేవ్‌మేకర్ నిదానంగా నడపాలి. ఇసుక దూరితే వాటి లోపలి చక్రం అరిగిపోతుంది.

రెండో వారమో మూడో వారమో తెల్లటి ఇసుక మీద గోధుమరంగు పొడి చల్లినట్టు పడుతుంది. అప్పుడు నువ్వు తప్పకుండా ఫోన్ చేస్తావు. అది డయాటమ్, కంటికి కనపడనంత చిన్న నాచు. ఆరగొనైట్ వేసినా వస్తుంది, నీళ్లలో ఉన్న సిలికేట్ అయిపోయేదాకా ఉంటుంది. హైదరాబాదు బోరు నీళ్లతో నింపావంటే అది పోనే పోదు, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ కూడా తప్పనిసరి. నీళ్లు మంచివైతే కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. ఇసుక మార్చేయకు. నసారియస్ నత్తలు నాలుగు వేసుకో, మేత వాసన తగలగానే ఇసుకలోంచి తొండాలు పైకెత్తి లేస్తాయి, పాపకి బాగా నచ్చుతుంది. నీళ్లు మార్చినప్పుడల్లా పై పొరలో మూడో వంతు చొప్పున సైఫన్ పెట్టి దులుపు, మొదటి నెల నుంచే. ఏళ్ల తరబడి వదిలేసి ఒక్కరోజే మొత్తం కెలకడం మాత్రం చేయకు, కారణం పైన చెప్పానుగా.

నువ్వు చిన్నప్పుడు బీచ్ రోడ్డులో మత్స్యదర్శినికి తీసుకెళితే అద్దానికి ముక్కు ఆనించి అరగంట కదిలేవాడివి కాదు. ఇప్పుడు నీ కూతురు నీ ఇంట్లో అలా నిలబడుతుందని తలుచుకుంటే నాకు చాలా ఆనందంగా ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

సంక్రాంతికి రా. బస్తాలు తేవద్దు. మూత గట్టిగా పట్టే లీటరు డబ్బా ఒకటి, చిన్న థర్మకోల్ పెట్టె ఒకటి తెచ్చుకో. నువ్వు బయల్దేరే రోజు పొద్దున నా ట్యాంకు పై పొరలోంచి రెండు కప్పుల ఇసుక, మునిగేంత నీళ్లతో ఇస్తాను. డబ్బా సగం ఖాళీగా ఉండాలి, లోపల గాలి ఉంటేనే బ్యాక్టీరియా దారిలో బతుకుతుంది. డిక్కీలో ఎండకి పెట్టకు, ఏసీలో సీటు కింద పెట్టుకో. ఆ రోజుకి నీ ట్యాంకులో ఇసుక పడి, ఉప్పునీళ్లు నిండి, పంపు తిరుగుతూ ఉండాలి. అందుకని ఇసుక ఆర్డరు డిసెంబరు మొదటి వారంలోనే పెట్టేయ్. నమూనా వచ్చాక నల్ల కాగితం మీద చల్లి ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

పాపకి ముద్దులు. కోడలికి ఆశీస్సులు.

మావయ్య